మసి పూయని ఆకులు

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మీ ఈడుకి నేను నాలుగైదుసార్లు వినేశాను. మా అమ్మమ్మ చెప్పేది. మనం ఉంటున్న చోటికి ఆవిడ ఎప్పుడూ రాలేదు. పడుకునే ముందు నేను మిమ్మల్ని అడిగిన మాట ఎప్పుడూ "రేపటి పరీక్షకి చదివారా" అన్నదే. ఈ పూట అడగను. దుప్పటి కప్పుకోండి. ఆవిడ నాకు ఎలా చెప్పేదో అలాగే, ఆవిడ మాటల్లోనే చెబుతాను. మధ్యమధ్యలో ఊఁ కొట్టండి, లేకపోతే కథ నిద్రపోతుందని అనేది ఆవిడ.

అనగనగనగా, మనుషులకంటే తాటిచెట్లు ఎక్కువున్న ఒక ఊళ్ళో, నూకాలని ఒక పిల్ల ఉండేదిట. ఎనిమిదేళ్ళది. తండ్రి లేడు. తల్లి గవరమ్మ తాటాకు చాపలు అల్లేది. గవరమ్మకి ఒక తమ్ముడు. పేరు అప్పన్న. తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు.

ఆ ఊళ్ళో వానలు మొదలయ్యాయంటే చాలు, గిజిగాళ్ళు వచ్చేవి. పిచ్చుకంత పిట్టలు. గడ్డిపోచలు తెచ్చి తాటాకు కొసలకి గూళ్ళు అల్లేవి. చెట్టు నిండా సొరకాయ బుర్రలు వేలాడదీసినట్టు ఉండేవి ఆ గూళ్ళు. గాలొస్తే అన్నీ ఒక్కసారిగా ఊగేవి.

ఒకనాడు అప్పన్న చెట్టు దిగుతూ అన్నాడు: "గిజిగాడు గూట్లో తడిమట్టి ముద్ద పెడుతుందే కోడలుపిల్లా. ఆ మట్టికి మిణుగురు పురుగుల్ని అతికిస్తుంది. అదే దాని ఇంట్లో దీపం."

"నువ్వు చూశావా మావా?" అంది నూకాలు.

"చూడ్డమేమిటే, లోకమంతా చెప్పుకుంటారు."

"రోజూ ఎక్కుతావు కదా!"

"నేనెక్కేది కల్లుకుండ కోసం. ఒకళ్ళ కాపురంలోకి తొంగి చూడ్డానికి కాదు."

నూకాలు పకపకా నవ్వింది. నవ్విందే గానీ ఆ మాటని వదల్లేదు. అన్నం తింటూ అడిగింది, నీళ్ళు తోడుతూ అడిగింది. మట్టి దీపం కోసమేనా, గూడు గాలికి ఎగిరిపోకుండా బరువు కోసమా? మిణుగురు చచ్చిపోతే దీపం ఆరిపోదా? ఆరిపోతే ఇంకోటి తెస్తుందా? లోపల పిల్లలకి ఆ వెలుగులో నిద్ర పడుతుందా?

అప్పన్న ఒక గూడు తెంపి తెస్తానన్నాడు. నూకాలు వద్దంది. "కిందకి తెస్తే అందులో ఎవరుంటారు మావా? నేనే అక్కడికెక్కి చూస్తాను," అంది.

ఊఁ కొడుతున్నావా? కొట్టు.

ఇప్పుడు ఆ ఊరి బడి సంగతి చెప్పాలి. అప్పటికి కాగితాల్లేవు. తాటిచెట్టు నడినెత్తిన లేతగా ముడుచుకుని మొలిచే ఆకుంటుంది చూడు, దాన్ని మొవ్వు అంటారు. ఆ మొవ్వాకు కోసి, ఎండబెట్టి, దాని మీద గంటంతో రాసేవాళ్ళు. గంటం అంటే మొన తేలిన ఇనప పుల్ల. దాంతో గీస్తే అక్షరం పడుతుంది గానీ కంటికి కనబడదు. ఆ తర్వాత దీపం మసిలో ఆకుపసరు కలిపి ఆకంతా పూసి, గుడ్డతో తుడిచేవాళ్ళు. అప్పుడు గీతల్లో మసి నిలిచిపోయి, అక్షరాలు నల్లగా పైకొచ్చేవి. పిల్లలకి ఆ తుడవడమంటే మహా సరదా. తాము ఏం రాశారో తమకి అప్పుడే కదా కనబడేది.

ఆ ఊళ్ళనేలే రాజుగారు ఏడాదికోసారి ఒక్కో ఊరి నుంచి ఒక్కో పిల్లనో పిల్లాణ్ణో పట్నంలో తన కొలువుకి పిలిపించుకునేవాడు. మొదట్లో ఒక పెద్దాయన వచ్చి, బళ్ళో కూచుని, పిల్లలు చెప్పేవి వినేవాడు. ఊరికో రోజు పట్టేది. తర్వాత తర్వాత ఊళ్ళు పెరిగాయి. వినే తీరిక ఎవరికీ లేకపోయింది. అప్పుడు కొలువులో ఎవరో అన్నారుట: "ఎక్కువ నేర్చుకున్నవాళ్ళు ఎక్కువ రాస్తారు. ఎక్కువ రాస్తే ఆకుల కట్ట బరువుగా ఉంటుంది. కట్ట తూస్తే పోలా?"

మాట సబబుగానే ఉంది కదూ? అందుకే ఎవరూ కాదనలేదు.

అప్పటినుంచీ ప్రతి కార్తీకంలో ఒక తూకందారు త్రాసు పట్టుకుని వచ్చేవాడు. ఎవరి కట్ట బరువైతే వాళ్ళు పట్నం వెళ్ళేవాళ్ళు. దానికి తూకం పండగని పేరు పెట్టారు. డప్పులు, దండలు, అన్నీ ఉండేవి.

బడి పంతులు జోగన్న. ఆయన ఒకరోజు తల్లులందర్నీ పిలిచి చెప్పాడు: "ఒక కట్టకి మసి పూసి తుడవాలంటే నాలుగు రోజులు పడుతోందమ్మా. ఆ నాలుగు రోజుల్లో ఇంకో యాభై ఆకులు రాయొచ్చు. అయినా మసికి బరువెంత? ఏమీ లేదు."

నిజమే, మసికి బరువు లేదు. అంతే, మసి పూయడం మానేశారు. పిల్లలు రాస్తూ పోయారు. అక్షరాలు ఆకుల్లోనే ఉండిపోయాయి. రాసినవాళ్ళు కూడా వాటి మొహం చూడలేదు.

ఒకావిడ కొడుకు కట్టని మూడు రోజులు మజ్జిగలో నానబెట్టింది, బరువెక్కుతుందని. తూకం నాడు ఊళ్ళో పిల్లులన్నీ ఆ కట్ట చుట్టూ చేరాయి. తూకందారు ముక్కు మూసుకున్నాడు. మూసుకునే తూచాడు. తూచాడు మాత్రం!

నవ్వకు. ఇక ముందు నవ్వడానికి పెద్దగా లేదు.

గవరమ్మ చెడ్డది కాదు. భయస్తురాలు. చాపలల్లీ అల్లీ ఆవిడ అరచేతులు నిండా ఆకు కోసిన గాట్లే. ఆ చేతులు కూతురికి చూపించి, "నీకీ గీతలు పడకూడదే తల్లీ. నువ్వు పట్నం వెళ్ళాలి," అనేది. ఆ పిల్ల గంటం కింద పెడితే చాలు, ఆవిడ తీసి మళ్ళీ చేతిలో పెట్టేది.

మొదటి ఏడు వానలొచ్చాయి. గిజిగాళ్ళొచ్చాయి. నూకాలు ఆకు ఒళ్ళో పెట్టుకుని, చెట్టు కింద కూచుని, తల పైకెత్తి చూస్తూ ఉండిపోయింది. గవరమ్మ వచ్చి పక్కన కూచుంది. తిట్టలేదు. "ఈ తూకం కానీ తల్లీ. ఆ తర్వాత తీరిగ్గా చూద్దువు గాని. గూళ్ళెక్కడికి పోతాయి?" అంది.

నూకాలు బుద్ధిమంతురాలు. సరేనని రాసుకుంది. కార్తీకంలో తూకం అయింది. నూకాలు కట్ట తేలిపోయింది. త్రాసు దగ్గర్నించి ఆ పిల్ల తిన్నగా చెట్ల దగ్గరికి పరిగెత్తింది. గూళ్ళు ఉన్నాయి. ఊగుతున్నాయి. పిట్టలు లేవు. పిల్లలకి రెక్కలొచ్చి, అందరూ కలిసి ఎప్పుడో ఎగిరిపోయారు.

రెండో ఏడు వానలొచ్చాయి. ఈసారి అప్పన్న ఒక తాటి మానుకి కొబ్బరితాడుతో మెట్లు కట్టాడు. మేనకోడలంటే ప్రాణం వాడికి. ఒకనాడు వాన వెలిశాక నూకాలు ఎక్కడం మొదలుపెట్టింది. సగం ఎక్కింది. ముప్పావు ఎక్కింది. అప్పుడు, కింద గవరమ్మ చాప అల్లుకుంటూ ఉండగా, ఆ దారినే జోగన్న పంతులు వచ్చాడు.

"ఏమమ్మా గవరమ్మా! వాళ్ళ పిల్లలూ వీళ్ళ పిల్లలూ నిన్నటికే నూరాకులు దాటారు. నీ కూతురు ఆకాశం దాటేలా ఉంది. దేనికెక్కుతోంది, చదువుకా, కల్లుకా?" అన్నాడు.

దారిన పోయేవాళ్ళంతా గొల్లున నవ్వారు. గవరమ్మకి తల కొట్టేసినట్టయింది.

"దిగవే!" అని అరిచింది.

పైనుంచి నూకాలు, "అమ్మా, ఇంకో నాలుగు మెట్లే! లోపల్నించి చప్పుడు వినబడుతోందే!" అంది.

"దిగుతావా, నన్నెక్కమంటావా?"

నూకాలు దిగింది. ఆ సాయంత్రమే గవరమ్మ కొడవలి తెచ్చి, అందిన తాడు మెట్లన్నీ తన చేత్తో కోసేసింది. నూకాలు ఏడవలేదు. పక్కన నిలబడి, "అమ్మా, ఆ చప్పుడు పిల్లలదా, మిణుగురులదా?" అని అడిగింది.

"రాసుకో పో," అంది గవరమ్మ.

ఆ ఏడూ నూకాలు కట్ట గెలవలేదు. అయితే తేలిపోలేదు. మూడో స్థానంలో నిలిచింది. గవరమ్మకి ఆశ పుట్టింది. భయం కంటే ఆశ చెడ్డది, నాన్నా. భయం ఒక్కోసారి నిద్రపోతుంది.

మూడో ఏడు వచ్చేసరికి ఊళ్ళో మొవ్వాకు కరువైంది. మొవ్వు తియ్యాలంటే ముందు చుట్టూ ఉన్న మట్టలు కొట్టాలి. మొవ్వు తీసేశాక ఇక చెట్టుకి కొత్తాకు రాదు. అలా కొట్టీ కొట్టీ, ఊళ్ళో తాటిచెట్లన్నీ మొండిమానులైపోయాయి. గవరమ్మ పెరట్లో మూడు చెట్లు మాత్రం మిగిలాయి.

వానలకి ముందు గవరమ్మ తమ్ముణ్ణి పిలిచింది. "ఒరే అప్పన్నా, ఆ మూడూ కొట్టెయ్యి," అంది.

"అక్కా, రేపో మాపో పిట్టలొస్తాయి. ఊరి మొత్తానికి అవే మిగిలాయి. ఎక్కడుంటాయే అవి?"

"పిట్టలకి వేరే ఊళ్ళు లేవా? నా కూతురికి ఉన్నది ఈ తూకం ఒక్కటే."

అప్పన్న నూకాలు వైపు చూశాడు. ఆ పిల్ల అరుగు మీద కూచుని తల వంచుకుని రాస్తోంది. "కోడలుపిల్లా, నువ్వు చెప్పవే. కొట్టనా, వద్దా?" అన్నాడు.

నూకాలు తలెత్తలేదు. "ఎన్నాకులొస్తాయి మావా?" అంది.

అప్పన్న కత్తి పట్టుకుని చెట్టెక్కాడు.

ఆ తర్వాత వానలొచ్చాయి. గిజిగాళ్ళూ వచ్చాయి. ముక్కున గడ్డిపోచలు పట్టుకుని వచ్చాయి. మొండిమానుల చుట్టూ తిరిగాయి. మొదటి రోజు తిరిగాయి. రెండో రోజు తిరిగాయి. మూడో రోజు పొద్దున, గడ్డిపోచలు అక్కడే జారవిడిచి, గుంపుగా ఏటి అవతలికి వెళ్ళిపోయాయి. గవరమ్మ వాకిలి ఊడుస్తూ అది చూసింది. "నూకాలూ!" అని పిలుద్దామని నోటిదాకా వచ్చింది. పిలిస్తే ఆ పిల్ల చెయ్యి ఆగుతుందని పిలవలేదు. నేల మీద పడిన గడ్డిపోచల్ని కూడా కలిపి ఊడ్చేసింది.

కార్తీకం వచ్చింది. తూకందారు వచ్చాడు. నూకాలు కట్ట పెట్టగానే త్రాసు ఆ పక్కకి ఠక్కున కూలబడింది. ఇంకే కట్టా దాన్ని లేపలేకపోయింది. డప్పులు మోగాయి. జోగన్న పంతులు, "నేను ఆనాడే అనుకున్నాను," అన్నాడు. నూకాలు మెడలో దండతో బండెక్కి పట్నం వెళ్ళిపోయింది. బండి కనుమరుగయ్యేదాకా గవరమ్మ ఏడుస్తూ నవ్వుతూ నిలబడింది.

అయిపోయిందనుకున్నావా? లేదు. ఊఁ కొట్టు.

తూచిన కట్టల్ని తూకందారు పట్టుకెళ్ళడు. బరువు రాసుకుని బళ్ళోనే వదిలేస్తాడు. కొన్నేళ్ళకి బడి అటక నిండిపోయింది. అప్పుడు జోగన్న పంతులు తల్లుల్ని పిలిచి, "ఎవరి పిల్లల కట్టలు వాళ్ళు తీసుకుపొండమ్మా. పొయ్యిలోకి పనికొస్తాయి," అన్నాడు.

గవరమ్మ కూతురి కట్ట నెత్తిన పెట్టుకుని తెచ్చుకుంది. పొయ్యిలో పెట్టడానికి చేతులు రాలేదు. ఆవిడకి చదువు రాదు. అయినా కూతురి అక్షరాలెలా ఉంటాయో చూడాలనిపించింది. దీపం మసి తీసింది, పసరు కలిపింది, ఒక ఆకుకి పూసింది, తుడిచింది. అక్షరాలు నల్లగా పైకొచ్చాయి. ముత్యాల్లా ఉన్నాయి. గవరమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. రెండో ఆకు తుడిచింది. మూడో ఆకు తుడిచింది. ఇరవై ఆకులు తుడిచేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

చదవడం రాకపోతేనేం, చాపలల్లే కన్ను అది. అల్లిక తిరిగి తిరిగి ఒక్కలాగే వస్తుంటే పట్టెయ్యదూ? మొదటి ఆకు ఎలా ఉందో ఇరవయ్యో ఆకూ అలాగే ఉంది. కట్ట అడుగున ఉన్న ఆకు తీసి తుడిచింది. అదీ అంతే.

ఆ ఆకు పట్టుకుని పంతులు దగ్గరికి వెళ్ళింది.

"ఒకటే పద్యమమ్మా," అన్నాడు జోగన్న. "చెయ్యి అలవాటు పడితే వేగం వస్తుంది కదా. నీ కూతురొక్కతే కాదు, అందరూ అంతే."

"అందులో ఏముంది బాబూ?"

పంతులు ఆకుని దగ్గరికి పెట్టుకున్నాడు. దూరంగా పట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "అర్థమంటే... ఈ మధ్య ఎవరూ అడగటం లేదమ్మా," అన్నాడు.

"నా కూతురు అడగలేదా?"

ఆయన ఆకు కింద పెట్టాడు. "అడిగింది," అన్నాడు. "మొదటి ఏడు అడిగింది. తూకం అయ్యాక చెబుతానన్నాను."

గవరమ్మ ఆకు వెనక్కి తీసుకుంది. ఆయన్ని ఏమనగలదు? ఆ మాట తన నోటి నుంచి కూడా వచ్చిందే.

ఆ రాత్రికి అటుకులు మూట కట్టుకుంది. తెల్లవారి బయల్దేరింది. మూడు రోజులు నడిచి పట్నం చేరింది.

నూకాలు పెద్దపిల్ల అయింది. నేత చీర కట్టుకుంది. కొలువులో త్రాసులు సరిచూసే పని ఆ పిల్లది. అమ్మని చూడగానే పరిగెత్తుకొచ్చి కావలించుకుంది. కాళ్ళకి నీళ్ళిచ్చింది. వేడన్నం వండి, పక్కన కూచుని కొసరి కొసరి వడ్డించింది. గవరమ్మ ఆ చేతులు పట్టుకుని చూసింది. ఒక్క గాటు లేదు. తను కోరుకున్నట్టే ఉన్నాయి.

అప్పుడు గవరమ్మ అంది: "తల్లీ, ఏటి అవతల తూకం లేని ఊరొకటి ఉందిట. తాటిచెట్లు నిండుగా ఉన్నాయిట. గిజిగాళ్ళు అక్కడికే చేరాయిట. అప్పన్నకి మోకాళ్ళు పట్టేశాయి గానీ మెట్లు కట్టి పెడతానన్నాడు. పదవే, వెళదాం. కింద నేను నిలబడతాను. ఎంతసేపు చూస్తావో చూసుకో. ఎవరొచ్చి ఏమన్నా సరే, దిగమని అనను. ఒట్టు."

నూకాలు శ్రద్ధగా విన్నది. తర్వాత నెమ్మదిగా అడిగింది:

"చూసి ఏం చెయ్యాలమ్మా?"

వెటకారంగా అనలేదు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే గవరమ్మకి ప్రాణం లేచొచ్చేది. నిజంగా తెలియకే అడిగింది. ఎనిమిదేళ్ళప్పుడు లోకంలో ఉన్నవన్నీ అడిగిన పిల్లకి ఇప్పుడు ఆ ఒక్క ప్రశ్నే మిగిలింది.

గవరమ్మ ఏదో చెప్పాలని చూసింది. "ఊరికే తల్లీ. ఊరికే చూడ్డానికే," అంది. ఆ మాట ఆవిడ ఎన్నడూ అనలేదు, అందుకేనేమో నోట్లోనే తడబడింది. నూకాలు చిరునవ్వు నవ్వి, అమ్మ కంచంలో ఇంకో ముద్ద అన్నం వేసింది.

మర్నాడు గవరమ్మ ఊరికి తిరిగి వచ్చేసింది. వచ్చేటప్పుడూ మూడు రోజులే పట్టింది. ఆవిడకి మాత్రం ఇంకా ఎక్కువ పట్టినట్టనిపించింది.

మా అమ్మమ్మ ఇక్కడ ఆగేది. నేను ఊరుకునేదాన్ని కాదు. "మరి గూట్లో మిణుగురులున్నాయా, లేవా అమ్మమ్మా?" అని అడిగేదాన్ని.

"నాకేం తెలుసే?" అనేది ఆవిడ. "చూడబోయిన పిల్లని దింపేశాం కదా."

"గవరమ్మ కదా దింపింది?" అంటే, నా జుట్టు నిమిరేది. ఎందుకనో అప్పుడు తెలియలేదు. మీరు పుట్టాక తెలిసింది.

కథ నడిచింది కంచికి,
కన్ను నడిచింది మంచానికి.
విన్నవాళ్ళు దాచుకోకూడదు,
దాచుకుంటే కథకి నిద్ర రాదు.

పిల్లలూ, మీకు పిల్లలు పుడితే వాళ్ళకి ఈ కథ చెప్పండి. పుట్టకపోతే ఎవరి పిల్లలకైనా చెప్పండి. నాకంటే బాగా చెప్పక్కర్లేదు, పేర్లు మరిచిపోయినా ఫరవాలేదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. మధ్యలో వాళ్ళు ఏదైనా అడిగితే, "కథ అయ్యాక చెబుతాను" అనకండి. కథ అక్కడే ఆపేసి, వాళ్ళు అడిగిన దాని వెంటే వెళ్ళండి.